పన్నెండు తీగల గిటారా, ఇంకో ఆరు తీగల గిటారా?

"ట్వెల్వ్ స్ట్రింగ్ కొనమంటారా?" అని నన్ను అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. అందరి దగ్గరా ఇప్పటికే ఒక ఆరు తీగల అకూస్టిక్ ఉంటుంది, కార్డ్స్ వచ్చు, ఎక్కడో ఎవరో పన్నెండు తీగల మీద ఒక్క జీ కార్డ్ కొడితే విన్నారు, అంతే, అప్పట్నుంచి ఇంట్లో గిటార్ చప్పగా వినిపిస్తోంది. ఆ మోజులో తప్పేం లేదు. కాకపోతే అలాంటి మెరుపే కావాలంటే ఇంకో దారి కూడా ఉంది. దాని సంగతి మన దగ్గర ఎవరూ పెద్దగా చెప్పరు.

దాన్ని నాష్‌విల్ ట్యూనింగ్ అంటారు. పన్నెండు తీగల గిటార్‌లో కింది ఈ, ఏ, డీ, జీ తీగలకు పక్కనే ఒక్కో సన్న తీగ ఒక స్థాయి పైన పలుకుతుందని మీకు తెలుసు. ఆ లావు తీగలు వదిలేసి, సన్నవాటినే మామూలు ఆరు తీగల గిటార్‌కు కట్టేస్తే అదే నాష్‌విల్. బీ, పై ఈ తీగలు మారవు. అంటే ట్వెల్వ్ స్ట్రింగ్‌లో సగం ఒక గిటార్ మీద, మిగతా సగం మీ పాత గిటార్ మీద ఉంటుందన్నమాట. ఇద్దరు కలిసి వాయించినా, ఒక్కరే రెండు ట్రాక్‌లు రికార్డ్ చేసుకున్నా ఆ నిండుదనం వచ్చేస్తుంది.

మరి ఏది మేలు? అందరూ వేళ్ల నొప్పి గురించీ ధర గురించీ అడుగుతారు గానీ, నేను ముందు అడిగేది వేరు. మీరు వాయించేటప్పుడు పక్కన ఇంకెవరు వాయిస్తున్నారు?

ఒంటరిగా పాడుకుంటూ స్ట్రమ్మింగ్ చేసేవాళ్లయితే ట్వెల్వ్ స్ట్రింగ్‌కు సాటి లేదు. గొంతు వెనక తంబురా పెట్టుకున్నట్టు, కార్డ్ కొట్టి వదిలేసినా గది నిండుగానే ఉంటుంది, రెండో గిటారిస్ట్ లేని లోటు తెలియదు. అదే మీరు కీబోర్డ్, ప్యాడ్స్, ఢోలక్ ఉన్న చర్చి క్వయర్‌లోనో కాలేజీ బ్యాండ్‌లోనో వాయిస్తుంటే లెక్క మారిపోతుంది. కీబోర్డ్ వాయించేవాళ్లు స్ట్రింగ్స్ ప్యాచ్ పెట్టి రెండు చేతులతో కార్డ్ నొక్కి పట్టుకున్నాక, పైనుంచి పన్నెండు తీగలూ మోగిస్తే కింది స్థాయిలో అంతా ఒకదాని మీద ఒకటి పడి ముద్దవుతుంది, పాడేవాళ్ల మాటలు వినిపించవు. నాష్‌విల్ కట్టిన గిటార్‌కు ఆ ఇబ్బంది తక్కువ. దానికి కింది స్వరాలే లేవు కాబట్టి కీబోర్డ్‌కూ బేస్‌కూ అడ్డం పడదు, పైన సన్నగా మెరుస్తూ పోతుంది. ఇంట్లో రికార్డింగ్ చేసేవాళ్లకైతే ఇంకా లాభం. మామూలు గిటార్‌ను ఎడమకు, నాష్‌విల్‌ను కుడికి పెట్టి, ఏది ఎంత వినిపించాలో మీ ఇష్టం వచ్చినట్టు తేల్చుకోవచ్చు. ట్వెల్వ్ స్ట్రింగ్‌లో ఆ రెండు సగాలనూ విడదీయలేరు.

నన్నడిగేవాళ్లలో ఎక్కువమంది బ్యాండ్‌లోనో క్వయర్‌లోనో ఉన్నవాళ్లే. వాళ్లకు నా సలహా నాష్‌విలే.

తర్వాతి సంగతి లాగుడు. 10-47 లైట్ సెట్‌ను (అన్నిటికంటే పైన పలికే ఈ తీగ మందం 10, అన్నిటికంటే లావుది 47, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) మామూలు శ్రుతిలో కడితే పన్నెండు తీగలూ కలిసి సుమారు 110 కిలోల బరువుతో లాగుతాయి. పై ఈ తీగ 12 మందం ఉండే ఆరు తీగల సెట్‌లో ఇది 70-75 కిలోలు. ఆ తేడా అంతా నెక్ మీదా, తీగల కింది కొసలు కట్టే బ్రిడ్జ్ మీదా పడుతుంది. విశాఖ, విజయవాడల ఉక్కపోతలో చెక్క ఉబ్బడం, హైదరాబాద్ ఎండల్లో ఎండిపోవడం ఎలాగూ ఉండేవే, వాటికి ఇది తోడైతే కొన్నేళ్లకు బ్రిడ్జ్ వెనక పొట్ట ఉబ్బి, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) లేచిపోయి, ఒకే వేలితో తీగలన్నీ నొక్కే బార్ కార్డ్ పట్టడమే కష్టమవుతుంది. కాబట్టి ట్వెల్వ్ స్ట్రింగ్ కొంటే మొత్తం ఒక టోన్ కిందికి, డీకి, దింపి ట్యూన్ చేసి, రెండో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్) పెట్టుకోండి. లాగుడు దాదాపు 20 శాతం తగ్గుతుంది, వేళ్లకూ హాయి. ట్వెల్వ్ స్ట్రింగ్‌తో పేరు తెచ్చుకున్న అమెరికన్ గిటారిస్టులు లెడ్‌బెల్లీ, లియో కోట్కీ లాంటివాళ్లు కూడా మామూలు శ్రుతి కంటే బాగా కిందికి దింపే వాయించారు. నాష్‌విల్‌కు ఈ టెన్షన్ ఏమీ లేదు, సన్న తీగలు కాబట్టి మామూలు సెట్ కంటే లాగుడు తక్కువే. మూలన పడి ఉన్న పాత గిటార్ కూడా పనికొస్తుంది.

తీగల దగ్గర కూడా తేడా ఉంది. ట్వెల్వ్ స్ట్రింగ్‌లో అన్నిటికంటే ముందు తెగేది జీ పక్కనున్న సన్న తీగ, అది 8 గేజ్ ఉక్కు తీగ. చిన్న ఊళ్లలో పన్నెండు తీగల సెట్ దొరకడమే కష్టం, విడి తీగలు అసలే దొరకవు. అలాంటప్పుడు ఎలక్ట్రిక్ గిటార్ 9 సెట్‌లో మొదటి తీగ తెచ్చి కట్టండి, పని జరిగిపోతుంది. ట్యూన్ చేసేటప్పుడు జంటలో ఒకదాన్ని వేలితో నొక్కి ఆపాలి, రెండూ మోగుతుంటే ట్యూనర్ తికమక పడుతుంది. నాష్‌విల్‌కు విడిగా సెట్లు ఉన్నాయి. దొరక్కపోతే ఒక పన్నెండు తీగల సెట్ కొనండి. అందులోంచి ఆరు సన్నవి నాష్‌విల్‌కు పోగా, మిగిలినవి మీ మామూలు గిటార్‌కు పూర్తి 10 సెట్‌గా సరిపోతాయి. నాకు బాగా నచ్చిన కిటుకు ఇది.

గిటార్ మీద కీర్తనలు వాయించేవాళ్లు, గమకాలు లాగేవాళ్లు ట్వెల్వ్ స్ట్రింగ్ జోలికి వెళ్లొద్దు. జంటలో లావు తీగ, సన్న తీగ ఒకే లాగుడుకు ఒకేలా పైకి వెళ్లవు, స్వరం చీలిపోతుంది. ఫింగర్ పికింగ్ మాత్రం నిదానంగా చేస్తే బాగుంటుంది.

ఒక్క గిటార్‌నే రెండు మోగుతున్నట్టు వినిపించే కోరస్ పెడల్ సంగతీ అడుగుతారు. పికప్ ఉన్న గిటార్‌తో స్టేజీ మీద కాస్త దగ్గరగా అనిపిస్తుంది, అంతకుమించి ఆశించొద్దు. ఎలక్ట్రిక్ ట్వెల్వ్ స్ట్రింగ్ వేరే వాయిద్యం కిందే లెక్క, ఈ పోలికలో దానికి చోటు లేదు.

అన్నీ విన్నాక కూడా ఒంటరిగా పాడుకునేవాళ్లు ట్వెల్వ్ స్ట్రింగే కావాలంటే సంతోషంగా కొనండి, షాపుకి వెళ్లి వాయించి చూసి మరీ కొనండి. నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే పట్టీ) వెడల్పు చూసుకోండి, 47 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటే జంటల మధ్య వేళ్లు ఇరుక్కోవు, మరీ 43 అయితే ఓపెన్ సీ కార్డ్ కూడా సరిగ్గా మోగదు. సెకండ్ హ్యాండ్ అయితే బ్రిడ్జ్ వెనక అంచు కిందికి ఒక కాగితం దూర్చి చూడండి. అది లోపలికి పోయిందంటే జిగురు వదులుతోందని అర్థం, ధర ఎంత తగ్గించినా తీసుకోవద్దు.