డిలన్ తొలినాళ్ళ మీద రెండు డాక్యుమెంటరీలు: ముందు ఏది చూడాలి?

మా చిన్నాన్న కొడుకు ఈమధ్య కెమెరా కొన్నాడు. సంక్రాంతికి ఊరెళ్ళి, మా బొబ్బిలి పక్క పల్లెల్లో జముకు వాయిస్తూ జముకులకథ చెప్పే ఒక పెద్దాయన మీద డాక్యుమెంటరీ తీస్తాడట. "అక్కా, పాటగాళ్ళ మీద తీసినవాటిలో మంచిదొకటి చెప్పు, చూసి నేర్చుకుంటాను" అని బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటికొచ్చి కూచున్నాడు. వెంటనే నాకు రెండు సినిమాలు గుర్తొచ్చాయి. రెండూ అమెరికా పాటగాడు బాబ్ డిలన్ మీదే, రెండూ ఆయన తొలినాళ్ళ గురించే. కానీ ఒకదాని పద్ధతి ఇంకోదానికి పూర్తిగా ఎదురు. వాడికి ఖాళీ ఉన్నది ఒక్క ఆదివారం. రెండిట్లో ఏది చూపించాలో నాకు ఓ పట్టాన తేలలేదు.

మొదటిది "డోంట్ లుక్ బ్యాక్". తీసినవాడు డి.ఎ. పెన్నెబేకర్. 1965 ఏప్రిల్, మే నెలల్లో డిలన్ ఇంగ్లండులో పాడుతూ తిరిగినప్పుడు వెంట తిరిగి తీశాడు, 1967లో విడుదలయింది. నలుపు తెలుపు, 96 నిమిషాలు. రెండోది "నో డైరెక్షన్ హోమ్". మార్టిన్ స్కోర్సెసీ 2005లో చేశాడు. రెండు భాగాలు, 208 నిమిషాలు. డిలన్ పెరిగిన ఊరి దగ్గర మొదలుపెట్టి 1966లో మోటార్‌సైకిల్ ప్రమాదం తర్వాత పర్యటనలు మానుకోవడం దాకా వస్తుంది.

పెద్దదాని సంగతి ముందు చెప్తాను. నాకు డిలన్ అర్థమయింది దాంతోనే.

మిన్నెసోటాలో హిబ్బింగ్ అని ఇనుప గనుల ఊరు. అక్కడి కుర్రాడు రాత్రిళ్ళు రేడియోలో ఎక్కడెక్కడి స్టేషన్లో పట్టుకుని పాటలు వింటాడు. 1961 జనవరిలో, ఇంకా ఇరవై నిండకుండానే, న్యూయార్క్ చేరి గ్రీనిచ్ విలేజ్ కాఫీ హోటళ్ళలో పాడతాడు. వూడీ గత్రీ అనే పెద్ద పాటగాడు అప్పటికి జబ్బుతో న్యూజెర్సీలో ఆసుపత్రి పాలై ఉన్నాడు. ఈ కుర్రాడు అక్కడికి వెళ్ళి, గత్రీ కట్టిన పాటలు గత్రీకే పాడి వినిపించి వస్తాడు. గురువు దగ్గరికి వెళ్ళే పద్ధతి మనకి తెలియంది కాదు. పక్కన తాళం వేస్తూ, వంత పాడుతూ ఏళ్ళు గడిపితే గానీ కథకుడు కాడు మన దగ్గర. డిలన్ ఆ ఏళ్ళని నెలల్లో మింగేశాడు. ఎలా మింగాడన్నదే స్కోర్సెసీ సినిమా మొదటి భాగమంతా.

ఆ మింగడంలో కొంత దొంగతనం కూడా ఉంది. సినిమా దాన్ని దాచలేదు, అందుకే నాకు అంత గౌరవం. మినియాపోలిస్ స్నేహితుడొకడు తన అరుదైన రికార్డులు డిలన్ ఎత్తుకుపోయిన సంగతి చెప్తాడు. గ్రీనిచ్ విలేజ్‌లోనే పాడే డేవ్ వాన్ రాంక్ చెప్పేది ఇంకా బాగుంటుంది. "హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్" అనే పాత పాటని ఆయన తనదైన వరసలో పాడేవాడు. డిలన్ అడక్కుండా అదే వరస తన మొదటి రికార్డులో పాడేశాడు. ఆ తర్వాత వాన్ రాంక్ ఆ పాట ఎత్తుకుంటే, డిలన్ దగ్గర కొట్టేశావా అని జనం అడగడం మొదలుపెట్టారట. ఆయన పాడటం మానేశాడు. 1964లో యానిమల్స్ అనే ఇంగ్లీషు బృందం అదే పాటని హోరెత్తించింది. అప్పుడు డిలన్ పాడితే యానిమల్స్ దగ్గర కొట్టేశావా అన్నారు. డిలనూ మానేశాడు! వాన్ రాంక్ దీన్ని నవ్వుతూ చెప్తాడు. సినిమా వచ్చేనాటికి ఆయన పోయి మూడేళ్ళయింది.

జానపదం అంటే ఏమిటో పుస్తకాలు చదివి తెలుసుకున్నదానికంటే ఈ ఒక్క ముచ్చటలో ఎక్కువ తెలిసింది నాకు. బాణీ ఎవరిదీ కాదు, మాట మాత్రం పాడినవాడిది. 1962 మార్చిలో వచ్చిన డిలన్ మొదటి రికార్డులో 13 పాటలుంటే సొంతంగా రాసినవి రెండే. ఏడాది తిరిగాక, 1963 మేలో వచ్చిన రెండోదాంట్లో 13లో 11 సొంతవి. అందులోదే "బ్లోయింగ్ ఇన్ ది విండ్". దాని బాణీ బానిసత్వం నాటి నల్లవాళ్ళ పాట నుంచి వచ్చింది. మన వంగపండు ప్రసాదరావు చేసిందీ ఇలాంటి పనే కదా. పల్లెలో దంపుళ్ళ దగ్గరా నాట్ల దగ్గరా పాడుకునే వరసలో కొత్త మాట పెట్టి జనం నోటికి అందించాడు. డిలన్ పుట్టింది 1941లో, వంగపండు 1943లో, పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో. ఇద్దరికీ రెండేళ్ళే తేడా. 1972లో జననాట్యమండలి కట్టినప్పుడు వంగపండుకి ముప్పై కూడా లేవు. ఆ రోజుల్లో ఆయన వెంట ఊరూరా మూడు వారాలు ఒక కెమెరా తిరిగి ఉంటే అని, ఈ సినిమాలు చూసినప్పుడల్లా అనుకుంటాను. ఆయన 2020 ఆగస్టులో వెళ్ళిపోయాడు.

మూడు వారాల కెమెరా అంటే పెన్నెబేకర్ సినిమాయే.

దాంట్లో వ్యాఖ్యానం లేదు. ఎవరినీ కూచోబెట్టి ప్రశ్నలడగలేదు. పుట్టిన ఊరు లేదు, చదువు లేదు, వీడు ఎవడు అని చెప్పే ఒక్క మాట లేదు. భుజం మీద 16 ఎంఎం కెమెరా, ధ్వని పట్టుకోవడానికి తోడు ఒకరు, అంతే. అప్పటిదాకా కెమెరా అంటే కాళ్ళూ తీగలూ ఉన్న బరువైన వస్తువు. మాటా బొమ్మా కలిసేలా పట్టుకుంటూ మనిషి వెనక నడిచిపోగలిగిన కెమెరాని తయారుచేసుకున్న కొద్దిమందిలో పెన్నెబేకర్ ఒకడు. ఒక రీలు పది పదకొండు నిమిషాలకే అయిపోతుంది. ఎప్పుడు తిప్పాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తెలిసినవాడికే ఆ పని అబ్బుతుంది.

ఆయన ఏం తిప్పాడో చూడండి. హోటల్ గదిలో డిలన్ టైప్ కొట్టుకుంటూ ఉంటాడు, పక్కన జోన్ బేజ్ పాడుతూ ఉంటుంది, ఆ ఇద్దరి మధ్యా ఏదో చల్లబడిపోయిందని మనకి తెలిసిపోతుంది. ఎవరూ చెప్పరు. అప్పటికే పేరున్న గాయని ఆమె, డిలన్‌ని తన వేదికల మీదకి తీసుకెళ్ళి జనానికి పరిచయం చేసిన మనిషి. ఈ పర్యటనలో ఆయన ఆమెను ఒక్కసారీ వేదిక మీదకి పిలవలేదు. నలభై ఏళ్ళ తర్వాత స్కోర్సెసీ సినిమాలో ఆమె ఆ బాధ నోరు విప్పి చెప్తుంది. చెప్పినదానికంటే 1965లో ఆ గదిలో చూసిందే నాకు గుండెలో దిగింది.

ఇంకో చోట మేనేజర్ ఆల్బర్ట్ గ్రాస్‌మన్ ఒక ఏజెంటు ఎదురుగా కూచుంటే, ఆ ఏజెంటు ఫోన్లో బీబీసీతో ఒక మాట, గ్రనాడా టీవీతో ఒక మాట చెప్తూ రేటు పెంచుతాడు. పాట కొలువు ఎక్కే ముందు బేరం ఎలా జరుగుతుందో ఇంతకంటే నిజంగా నేనెక్కడా చూడలేదు. జాతరకి బృందాన్ని మాట్లాడుకునే కమిటీ పెద్దలు గుర్తొచ్చారు మా తమ్ముడికి. యానిమల్స్ నుంచి అప్పుడే బయటికొచ్చిన అలన్ ప్రైస్ కూడా ఆ గదుల్లో కనిపిస్తాడు. వాన్ రాంక్ చెప్పిన ముచ్చట ముందే విన్నవాళ్ళకి ఆ ముఖం ఊరికే ముఖంగా కనిపించదు. ఇది పెద్ద సినిమా ముందు చూడటంలో ఉన్న లాభం.

డిలన్ ఇక్కడ మంచివాడుగా కూడా కనిపించడు. "టైమ్" పత్రిక విలేఖరిని కడిగేస్తాడు. సైన్సు చదివే ఒక కుర్రాణ్ణి మాటలతో ఆడిస్తాడు. 23 ఏళ్ళవాడి పొగరు, భయం, తెలివి అన్నీ కలిసి ఉంటాయి. స్కోర్సెసీ సినిమాలో మాట్లాడేది వయసు మళ్ళిన డిలన్. నేను పుట్టాల్సిన చోటికి చాలా దూరంలో పుట్టాను, ఇంటికి వెళ్ళే దారిలో ఉన్నాను అన్నట్టు నెమ్మదిగా, అందంగా చెప్తాడు. ప్రశ్నలడిగింది ఆయన ఇప్పటి మేనేజరు జెఫ్ రోజెన్. అబద్ధం అనను, కానీ ముసలితనంలో మనిషి తన యవ్వనాన్ని సర్దిపెట్టుకుంటాడు. పెన్నెబేకర్ని పిలిపించింది కూడా అప్పటి మేనేజరు గ్రాస్‌మనే కాబట్టి రెండూ అనుమతితో తీసినవే. తేడా ఎక్కడంటే, 1965లో ఆ కుర్రాడికి సర్దుకునే వ్యవధి లేదు.

ఆ 96 నిమిషాల్లో సినిమా వెనక్కి తిరిగి చూసేది ఒక్కసారే. ఇదంతా ఎలా మొదలైందని బీబీసీ మనిషి అడుగుతాడు. డిలన్ జవాబిచ్చే లోపే బొమ్మ మారిపోతుంది. 1963 జులై, మిసిసిపీలో గ్రీన్‌వుడ్. నల్లవాళ్ళని ఓటర్లుగా నమోదు చేయించే సభ, పొలం పక్కన. నల్లవాళ్ళ హక్కుల కోసం పోరాడిన మెడ్గర్ ఎవర్స్‌ని కాల్చి చంపి నెల కూడా కాలేదు. ఆ హత్య మీద కట్టిన పాట పాడుతున్నాడు డిలన్, వెనక రైతు కూలీలు నిలబడి ఉన్నారు. ఆ ముక్క తీసింది పెన్నెబేకర్ కాదు, ఎడ్ ఎంష్‌విల్లర్ అనే ఇంకో సినిమా మనిషి. ఎవరో ఒకరు ఆ రోజు అక్కడ కెమెరాతో ఉన్నారు కాబట్టి జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది.

నా మనసు తిరిగింది ఇక్కడే. స్కోర్సెసీ సినిమా గొప్పదనం దేని మీద నిలబడింది? చివర్లో 1966 మే 17న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాలు వస్తుంది. డిలన్ ఎలక్ట్రిక్ గిటారు పట్టాడన్న కోపంతో జనంలోంచి ఒకడు "జూడాస్" అని అరుస్తాడు. ఏసుని పట్టిచ్చినవాడి పేరు. నువ్వు చెప్పేది నమ్మను, అబద్ధాలకోరువి అని డిలన్ తిరిగి అని, బృందంతో పాట ఎత్తుకుంటాడు. ఒళ్ళు జలదరించే ఆ రంగు రీళ్ళు పెన్నెబేకర్ తీసినవే. స్కోర్సెసీ గొప్ప కూర్పరి, కాదనను. కానీ ఆయన కూర్చడానికి కూచునేసరికి ఆ గదులు, ఆ వేదికలు, గ్రీన్‌వుడ్ పొలం అన్నీ అప్పటికే ఫిల్ము మీద ఉన్నాయి.

ఈ బెంగళూరు నుంచి మైసూరు రోడ్డు పట్టుకుని రామనగర దాటితే జానపద లోక వస్తుంది. హెచ్.ఎల్. నాగేగౌడ అనే ఐఏఎస్ అధికారి ఊళ్ళు తిరిగి టేపుల మీద పాటలు పట్టించి, వాయిద్యాలు పోగుచేసి, 1994లో నిలబెట్టిన చోటు. అక్కడికి వెళ్ళినప్పుడు కన్నడవాళ్ళ మీద నాకు ప్రేమా కలిగింది, కొంచెం కడుపుమంటా కలిగింది. మా వైపు జముకులకథ, తప్పెటగుళ్ళు నేర్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

మూడోది ఒకటుంది, ముర్రే లెర్నర్ 2007లో తెచ్చిన "ది అదర్ సైడ్ ఆఫ్ ది మిర్రర్". 1963, 64, 65 న్యూపోర్ట్ జానపద ఉత్సవాల్లో డిలన్ పాడినవి వరసగా పేర్చాడు, మధ్యలో ఇంటర్వ్యూలు లేవు. పాటలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి హాయి. డాక్యుమెంటరీ నేర్చుకోవాలనుకునేవాడికి తర్వాత చూసినా నష్టం లేదు.

ఇక భాష సంగతి. పెన్నెబేకర్ సినిమాలో మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, గొణుగుళ్ళు, సిగరెట్ పొగలో సగం మాటలు. సబ్‌టైటిల్స్ లేకుండా మనకి కష్టం. స్కోర్సెసీది సాఫీగా అర్థమవుతుంది. డిలన్ పేరు 2016 నోబెల్ అప్పుడు విని ఊరుకున్నవాళ్ళకి పెద్దదే ముందు చూపిస్తాను. రెండు ఆదివారాలు, రెండు భాగాలు. ఆ తర్వాత చిన్నది చూస్తే గదిలో ఉన్న ప్రతి ముఖమూ తెలిసినట్టుంటుంది.

తమ్ముడికి మాత్రం చిన్నదే పెట్టాను. వాడి దగ్గర పాత రీళ్ళు లేవు, కూర్చడానికి ఏమీ లేదు. వాడి దగ్గరున్నది ఒక పెద్దాయన, మూడు వారాల సెలవు. మొదటి అరగంట వాడికి విసుగొచ్చింది. "ఏటక్కా ఇది, ఎవులు ఎవులో చెప్పడేటి?" అన్నాడు. జోన్ బేజ్ పాడుతున్న గది దగ్గరికొచ్చేసరికి ఫోను పక్కన పెట్టేశాడు. అయిపోయాక ఆ గది ముక్క మళ్ళీ పెట్టించుకుని చూశాడు. వెళ్ళేటప్పుడు తను రాసుకొచ్చిన నలభై ప్రశ్నల కాగితం మా బల్ల మీద వదిలేసి వెళ్ళాడు.

భోగి మర్నాడు ఫోన్ చేశాడు. "అక్కా, తాత కథ చెప్పడం లేదు. అరుగు మీద కూచుని జముకుకి తాడు బిగించుకుంటన్నాడు, మనవణ్ణి తిడతన్నాడు. తియ్యనా?"

"తియ్యరా," అన్నాను.