టీమ్ మారిన స్టార్లు, ఉన్నచోటే ఉన్న స్టార్లు

నెల్లూరులో సాయంత్రం ఆట అయ్యాక కోర్టు పక్కన కుర్రాళ్లకు తెగని పంచాయితీ ఇది. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో స్టార్ టీమ్ మారితే మేలా, ఉంటే మేలా?

డబ్బు: ఉంటేనే. సొంత టీమ్ ఐదేళ్ల కాంట్రాక్టు, ఏటా 8 శాతం దాకా పెంపు ఇవ్వగలదు. బయటి టీమ్ అయితే నాలుగేళ్లు, 5 శాతం.

టైటిళ్లు: మారినవాళ్లు తొందరగా కొట్టారు. లెబ్రాన్ 2010లో మయామీ వెళ్లి 2012, 2013లో గెలిచాడు. డ్యూరాంట్ 2016లో గోల్డెన్ స్టేట్ చేరి వరసగా రెండు. డల్లాస్‌లో 21 సీజన్లు ఆడిన నోవిట్‌స్కీకి ఒక్కటే, 2011లో. అదీ లెబ్రాన్ మయామీ మీదే! నా ఓటు ఆ ఒక్కదానికే.

శ్రమ: మారినవాడికి ఎక్కువ. స్క్రీన్ పెట్టినవాడు (డిఫెండర్‌కు అడ్డు నిలిచే తోటి ఆటగాడు) ఎటు తిరుగుతాడో తెలియక పాస్ వాడి వీపు వెనక్కి పోతుంది. ముగ్గురు స్టార్లున్న ఆ మయామీ కూడా తొలి 17 మ్యాచ్‌ల్లో 8 ఓడింది.

రిస్క్: ఇద్దరికీ ఉంది. బ్రూక్లిన్ వెళ్లిన డ్యూరాంట్ గాయంతో మొదటి సీజనంతా బయటే. 2023 దాకా పోర్ట్‌లాండ్‌ను వదలని లిలార్డ్ 11 సీజన్లలో ఫైనల్ ముఖమే చూడలేదు.

టీమ్ సిద్ధంగా ఉండి ఒక్క మనిషే తక్కువైతే మారొచ్చు; కవాయ్ లెనార్డ్ టొరంటోకు 2019లో కప్పు తెచ్చింది అలాగే. యాజమాన్యం మన చుట్టూ టీమ్ కడుతుంటే యానిస్‌లా ఉండాలి. 2020లో మిల్వాకీతోనే మళ్లీ సంతకం, 2021లో టైటిల్. ఒంగోలు నుంచి నెల్లూరు టీమ్‌కు మారాలనుకునే కుర్రాడికి డబ్బు లెక్కేం లేదు కాబట్టి, బెంచీ మీద కూర్చోబెట్టని చోటు చూసుకుంటే చాలు.