జాగ్రత్త: డబుల్ గ్లేజింగ్ కిటికీలకు హ్యాండిళ్ళు కొనేవారు ఆ రాణిగంజ్ షాపుకు దూరంగా ఉండండి

యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేముల కిటికీల హ్యాండిళ్ళు మార్చుకోవాలనుకుంటున్నవారు దయచేసి ఇది చదివిన తరువాతే సికింద్రాబాద్‌లోని రాణిగంజ్‌కు బయలుదేరండి. ఏ షాపు గురించి రాస్తున్నానో చాలామందికి ఈపాటికే అర్థమై ఉంటుంది. మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరైనా కిటికీ సామాను గురించి అడగగానే పదిమంది ఒక్కసారిగా సిఫారసు చేసే షాపు అదే. ఫిర్యాదు నడుస్తున్నందువల్ల పేరు రాయడం లేదు.

నేపథ్యం పెద్దగా లేదు. మా ఫ్లాట్ ఐదో అంతస్తులో, ముంబై హైవే వైపు ఉంటుంది. లారీల హోరు భరించలేక బిల్డర్ పెట్టిన పాత స్లైడింగ్ కిటికీలు తీయించి, 5 మి.మీ. అద్దం, 12 మి.మీ. ఖాళీ, మళ్ళీ 5 మి.మీ. అద్దం ఉండే డబుల్ గ్లేజింగ్ కిటికీలు, బయటికి తెరుచుకునే రెక్కలతో పెట్టించుకున్నాము. కొన్నేళ్ళకు హ్యాండిళ్ళ మీది పూత పెచ్చులూడింది, రెండు మెడ దగ్గర విరిగాయి. కిటికీలు చేసిన ఫాబ్రికేటర్ ఎప్పుడో షెడ్డు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. ఆరు హ్యాండిళ్ళూ ఒకేసారి మార్చేస్తే పీడ వదులుతుందనుకుని, విరిగిన పాత హ్యాండిల్ ఒకటి జేబులో వేసుకుని ఆ షాపుకు వెళ్ళాను.

హ్యాండిల్ చూడటానికి చిన్న వస్తువే గాని కిటికీ బిగువంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. దాని వెనుక నుంచి 7 మి.మీ. చదరపు ఉక్కు కడ్డీ ఒకటి పొడుచుకుని ఉంటుంది, దానినే స్పిండిల్ అంటారు. అది రెక్క చట్రపు ప్లాస్టిక్ గోడను దాటి లోపలి గేర్‌బాక్స్‌లోని చదరపు రంధ్రంలోకి దిగుతుంది. హ్యాండిల్ తిప్పినప్పుడు గేర్‌బాక్స్ రెక్క అంచు వెంట ఉన్న లాకు పట్టీని జరుపుతుంది, ఆ పట్టీ మీది గుబ్బలు ఫ్రేములోని గాళ్ళలోకి వెళ్ళి రెక్కను రబ్బరు గాస్కెట్ మీదికి లాగి బిగిస్తాయి. ఆ బిగింపు లేనప్పుడు అద్దాలు రెండున్నా మూడున్నా హైవే మోత సందుల్లో నుంచి హాయిగా లోపలికి వస్తుంది. కాబట్టి స్పిండిల్ ఎంత పొడవు బయటికి ఉండాలన్నది రంగు, నగిషీల కంటే ముందు చూడవలసిన కొలత. మా పాత హ్యాండిల్‌కు అది అడుగు పలక నుంచి కొస వరకు 30 మి.మీ. ఉంది.

షాపు యజమాని గారు నా పాత హ్యాండిల్‌ను కొత్తదాని పక్కన పెట్టి, రెండు స్క్రూ రంధ్రాల మధ్య దూరం సరిపోయిందని చూపించారు. అది దాదాపు అన్నింటికీ 43 మి.మీ. ఉంటుందని, అది కలిసినంత మాత్రాన హ్యాండిల్ కలిసినట్టు కాదని నాకు తరువాత తెలిసింది. "యూనివర్సల్ సార్, ఏ కంపెనీ విండోకైనా పడతది" అన్నారు. కొత్తదాని స్పిండిల్ పాతదాని కంటే పొడవుగా కనిపిస్తోందని నేనే అడిగాను. "అది మేమే కట్ చేసి ఇస్తం, రెండు నిమిషాల పని" అంటూ లోపలి కుర్రవాణ్ణి పిలిచారు. ఆ కుర్రవాడు కౌంటరు పక్కనే ఉన్న వైస్‌లో, అంటే వస్తువును కదలకుండా పట్టే ఇనుప దవడల్లో, ఒక్కొక్క హ్యాండిల్‌నూ బిగించి, స్కేలు పెట్టకుండా, గీత గీయకుండా, కేవలం కంటిచూపుతో హాక్సా బ్లేడుతో ఆరింటినీ కోసి, ఆకురాయితో కొసలు రుద్ది ఇచ్చాడు. ఇంత శ్రద్ధగా సేవ చేసే షాపు హైదరాబాదులో ఇంకొకటి ఉంటుందా అని మురిసిపోతూ నేను అక్కడే నిలబడి చూశాను. ఒక్కొక్కటి 650 రూపాయల చొప్పున 3,900 యూపీఐలో కట్టాను. చేతికి వచ్చినది మాత్రం బిల్లు కాదు, పైన 'ఎస్టిమేట్' అని అచ్చువేసిన పసుపుపచ్చ చీటీ. దాని మీద జీఎస్టీ నంబరు లేదు, మోడల్ లేదు, కొలత లేదు, 'విండో హ్యాండిల్ 6' అని మాత్రం ఉంది.

కార్పెంటర్ బిగించినప్పుడు అన్నీ బాగానే తిరిగాయి. ఆ తరువాత గాలివాన వచ్చిన రాత్రి పడకగది కిటికీ హ్యాండిల్ ఏ అడ్డూ లేకుండా, గాలిలో తిప్పినట్టు గుండ్రంగా తిరిగింది. చూడటానికి అది కిందికి, అంటే మూసిన స్థితిలోనే ఉంది, లోపల లాకు మాత్రం పడలేదు. గాలి రెక్కను లాగి తెరిచేసింది. అద్దం బరువు మందం ప్రతి మిల్లీమీటరుకు చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. అంటే మా కిటికీలో చదరపు మీటరుకు 25 కిలోల అద్దం ఉంది, దాని కింద అపార్ట్‌మెంటు పిల్లలు సైకిళ్ళు తొక్కే దారి ఉంది. రెక్కను ఫ్రేముకు పట్టి ఉంచే స్టే పట్టీలు ఆపబట్టి సరిపోయింది. నేనూ మా ఆవిడా రెక్కను లోపలికి లాగి, చున్నీతో కట్టి తెల్లవార్లూ కూర్చున్నాము.

పొద్దున హ్యాండిల్ విప్పి చూశాను. స్పిండిల్ కొసన నాలుగు అంచులూ అరిగి గుండ్రమై మెరుస్తున్నాయి. గేర్‌బాక్స్ రంధ్రం చుట్టూ బూడిదరంగు లోహపు రజను పేరుకుని ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే ఆరింటిలో ఏ స్పిండిలూ 22 మి.మీ. దాటలేదు, ఒకటి 20 కూడా లేదు. ముప్పై ఉండవలసినది అంత పొట్టిగా ఉంటే అది గేర్‌బాక్స్ రంధ్రంలోకి పూర్తిగా దిగదు, పెదవి దగ్గర మాత్రం పట్టుకుంటుంది. తిప్పే బలమంతా ఆ కొద్దిపాటి అంచు మీదే పడి, మెత్తటి జింకు పోత లోహంతో చేసిన ఆ రంధ్రం మూలలు తినేసుకుపోతాయి. ఒకసారి మూలలు పోతే ఆ తరువాత సరైన పొడవున్న స్పిండిల్ పెట్టినా జారుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను, ఎందుకంటే పోయిన డబ్బు కంటే ఇది నన్ను ఎక్కువగా మండిస్తోంది. నేను ఆరు హ్యాండిళ్ళూ, పాత నమూనా, పసుపు చీటీ తీసుకుని షాపుకు వెళ్ళాను. కౌంటరు దగ్గర ముగ్గురు నలుగురు కొనుగోలుదారులున్నారు. యజమాని గారు ఒక హ్యాండిల్‌ను చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఎత్తి పట్టుకుని, స్పిండిల్ కొసను బొటనవేలితో నిమిరి, అందరికీ వినబడేలా అన్న మాట ఇది: "ఇది కోసిన మాల్ సార్. మీరు ఇంట్ల కోసుకొని తెచ్చి మా నెత్తిన పెడుతున్నరు. మా దగ్గర కటింగ్ చేయం."

నాకు కాసేపు నోట మాట రాలేదు. ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఆయన మోచేతికి జానెడు దూరంలో ఆ వైస్ ఉంది. దాని దవడల మధ్య ఇనుప రజను ఇంకా అలాగే ఉంది. హాక్సా ఫ్రేము మేకుకు వేలాడుతోంది. ఆరింటినీ కోసిన కుర్రవాడు అక్కడే నిలబడి స్క్రూ ప్యాకెట్లు సర్దుతున్నాడు. "బాబూ, నువ్వే కదా కోసి ఇచ్చావు, చెప్పు" అని నేను అతనిని అడిగాను. ఆ అబ్బాయి తల ఎత్తలేదు. చేతిలో ఉన్న ప్యాకెట్‌ను తిప్పి తిప్పి చూస్తూ ఉండిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు, నెల జీతం మీద బతికే పిల్లవాడు యజమాని ముందు ఇంకేమి చెప్పగలడు? కోపమంతా ఆ పెద్దమనిషి మీదే. ఆయన ఆ అబ్బాయి వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి, "హ్యాండిల్ మార్చుడు చేతగాకపోతే మనిషిని పెట్టుకోవాలె సార్, షాపులను బద్నాం చేయొద్దు" అని సలహా కూడా ఉచితంగా ఇచ్చారు. ఆ పక్కన అదే హ్యాండిల్‌ను కొంటున్న ఒకాయన నన్ను అనుమానంగా చూసి, డబ్బు కట్టి వెళ్ళిపోయారు. ఆయన స్పిండిల్‌ను కూడా వైస్‌లో కోసే ఇచ్చి ఉంటారని నా నమ్మకం.

సీసీటీవీ కెమెరా సరిగ్గా ఆ కౌంటరు పైనే ఉంది కదా, ఆ రోజు రికార్డింగ్ చూద్దామని అడిగాను. అది పనిచేయడం లేదట. దొంగలు పడితే మాత్రం పనిచేస్తుందేమో తెలియదు. బిల్లు ఇవ్వమని అడిగితే, "ఎస్టిమేట్ మీద అమ్మిన సరుకుకు బిల్లు ఉండదు" అన్నారు. చీటీ అడుగున 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అన్న వాక్యాన్ని వేలితో చూపించారు, అది రాజ్యాంగంలోని అధికరణమైనట్టు.

ఆ వాక్యానికి ఎంత విలువ ఉందో కూడా చెబుతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని సెక్షన్ 2(47) ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతుల కిందికే వస్తాయి. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, యూపీఐ చెల్లింపు వివరాలూ, స్కేలు పక్కన పెట్టి తీసిన స్పిండిళ్ళ ఫోటోలూ జతపరిచాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము కూడా లేదు.

నష్టం 3,900తో ఆగలేదు. కూకట్‌పల్లి వైపు నుంచి వచ్చిన వేరే ఫాబ్రికేటర్ చూసి రెండు కిటికీల గేర్‌బాక్సులు పాడయ్యాయని, మా రకంలో గేర్‌బాక్సూ లాకు పట్టీ ఒకే ముక్కగా వస్తాయి కాబట్టి పట్టీ మొత్తం మార్చాలని చెప్పాడు. దాని ఖరీదు హ్యాండిల్ ఖరీదు కంటే ఎక్కువ. న్యాయంగా చెప్పాలంటే ఆ షాపు అమ్మిన హ్యాండిల్ చెడ్డ సరుకేమీ కాదు, బరువుగా, గట్టిగానే ఉంది. పొడవైన స్పిండిల్‌ను కోయడం కూడా తప్పు కాదు, ఈ ఫాబ్రికేటర్ కూడా 40 మి.మీ.వి తెచ్చి మా ఇంట్లోనే కోశాడు. కాకపోతే అతను ముందు రంధ్రంలో సన్నని పుల్ల పెట్టి లోతు చూసుకుని, స్కేలుతో గీత గీసి, గీతకు రెండు మిల్లీమీటర్లు అవతల కోసి, సరిపోలేదంటే ఇంకాస్త రుద్దవచ్చునన్నాడు. రెండు నిమిషాల పని నిజంగానే.

కొనబోయేవారికి చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. హ్యాండిల్ అడుగున ఉన్న మూతను అడ్డంగా తిప్పితే స్క్రూలు కనిపిస్తాయి, విప్పడం కష్టం కాదు, కాబట్టి షాపుకు వెళ్ళే ముందు మీరే విప్పి అడుగు పలక నుంచి కొస వరకు స్పిండిల్‌ను కొలిచి స్కేలుతో సహా ఫోటో తీసుకోండి. పాత హ్యాండిల్ తిప్పడానికి గట్టిగా ఉండేదైతే, దానిని తీసేసి, రెక్క తెరిచి ఉంచి, అదే మందమున్న చదరపు కడ్డీ ముక్కను గేర్‌బాక్స్ రంధ్రంలో పెట్టి పటకారుతో తిప్పి చూడండి. అప్పుడు కూడా గట్టిగా ఉంటే జబ్బు గేర్‌బాక్సులో ఉన్నట్టు, తెరిచినప్పుడు తేలికగా తిరిగి మూసినప్పుడే బిగుసుకుంటే రెక్క కిందికి జారి గుబ్బలు గాళ్ళకు తగులుతున్నట్టు, ఈ రెండింటిలోనూ కొత్త హ్యాండిల్ పెట్టినా అదీ విరుగుతుంది. కొన్ని హ్యాండిళ్ళ మెడ పక్కకు వంగి ఉంటుంది, వాటిలో కుడి ఎడమలు వేరు, కిటికీని ఇంటి లోపలి నుంచి చూసి చెప్పాలి. అసలు స్పిండిలే లేకుండా వెనుక రెండు పళ్ళ ఫోర్క్ ఉండే అల్యూమినియం కిటికీల హ్యాండిళ్ళు వేరే జాతి, వాటిని చూపించి 'యూనివర్సల్' అన్నవారి దగ్గర ఆగవద్దు.

జీఎస్టీ బిల్లు మీద స్పిండిల్ పొడవు రాయించుకోండి. షాపులోనే కోయిస్తే, కోస్తున్నప్పుడు ఫోనులో వీడియో తీయండి, యజమాని ముఖం కూడా అందులో పడేలా చూసుకోండి.

ఆ షాపులో ఇలాగే స్పిండిల్ కోయించుకుని పసుపు చీటీతో ఇంటికి వచ్చినవారు ఎవరైనా ఉంటే చీటీ, కోసిన కొస రెండూ ఫోటో తీసి నాకు పంపండి. ఫిర్యాదుకు జతచేస్తాను.