చెల్లికి సర్టిఫికెట్ కావాలా, వద్దా?

మా పిన్ని కూతురి ఎత్తు నాలుగడుగులు. ఎకాండ్రోప్లేసియా అనే మరుగుజ్జుతనం, పుట్టుకతో వచ్చింది. బెంగళూరులో మారతహళ్లి దగ్గర పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తోంది. వైకల్యం సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా అని ఇంట్లో ఏడాదిగా వాదన.

వద్దంటుంది పిన్ని. "దానికేం తక్కువ? ఆ ముద్ర పడితే సంబంధాలు రావు" అంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఈ దారిలో చెల్లికి దొరికేది ఓదార్పు మాటే.

తీసుకుంటే చట్టం తోడుంటుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలోని 7 వైకల్యాల్లో మరుగుజ్జుతనం లేదు. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచి దీన్నీ చేర్చింది. జన్యు లేదా వైద్య కారణంతో పెద్దయ్యాక ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు దాటకపోతే ఇందులోకి వస్తారు. ఆ కారణం ముఖ్యం, ఒట్టి పొట్టితనం చాలదు. వైకల్యం కనీసం 40 శాతమని ధ్రువీకరిస్తే ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్ ఉంటుంది.

పైగా సమస్య ఎత్తొక్కటే కాదు. వెన్నులో నరాల దారి ఇరుకై కాళ్లు తిమ్మిరెక్కే ప్రమాదం ఉంది. సిటీ బస్సు మెట్టు, ఏటీఎం మీటలు, లిఫ్టులో పై బటన్లు... రోజూ ఎవరో ఒకరిని అడగాల్సిందే. అందుకే నేను తీసుకోమనే అంటాను.

దరఖాస్తుకు ఫోటో మొన్ననే తీయించుకుంది. పిన్నికి ఇంకా చెప్పలేదు.