నిలిచిపోయిన కామిక్‌కి అభిమానుల అండ: చందా, కొనుగోలు, కిక్‌స్టార్టర్, ఉత్తరం – ఏళ్ళ తరబడి వాడాక సమీక్ష

ముందు తీర్పు చెప్పేస్తాను. మధ్యలో ఆగిపోయిన స్వతంత్ర కామిక్‌ని మళ్ళీ కదిలించడానికి అభిమానుల చేతిలో ఉన్న మార్గాల్లో అన్నిటికన్నా బాగా పనిచేసేది పాత సంపుటాలను కొత్త ముద్రణలో కొనడం. నెలనెలా కట్టే చందాది రెండో స్థానం. పుస్తకం అచ్చు కాకముందే జనం దగ్గర డబ్బు పోగుచేసే సైట్ కిక్‌స్టార్టర్ కొన్ని షరతుల మీద పనికొస్తుంది. 'తర్వాతి సంచిక ఎప్పుడు?' అని అడగడం మాత్రం దేనికీ పనికిరాదు, పైగా చేటు చేస్తుంది.

కొలబద్దగా పెట్టుకున్నది అమెరికన్ చిత్రకారిణి కాలీన్ డోరన్ గీసే 'ఎ డిస్టెంట్ సాయిల్'. ఒక కామిక్ ఎన్ని కారణాలతో ఆగిపోవచ్చో అన్నీ దీని చరిత్రలోనే కనిపిస్తాయి. 1983లో వార్ప్ గ్రాఫిక్స్ దగ్గర మొదలైంది, ఆ సంస్థతో పొసగక బయటికొచ్చింది. తర్వాత డానింగ్ సంస్థ పుస్తకాలుగా వేసింది. అదీ నిలవలేదు. 1991లో డోరన్ ఆరియా ప్రెస్ పేరుతో సొంతంగా అచ్చు వేస్తూ కథను మొదటి నుంచి మళ్ళీ గీశారు. 1996లో ఇమేజ్ కామిక్స్‌కి మారింది. 2006లో 38వ సంచిక వచ్చాక ఆగిపోయింది. 39వ సంచిక వచ్చింది 2013లో. ఆ ఏడేళ్ళలో ఏం జరిగిందో అర్థమైతే, ఏ సాయం చేయాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఇది నలుపు తెలుపు కామిక్. పేజీని సిరాతో గీశాక నీడల కోసం చుక్కల షీట్లను కోసి అంటిస్తారు. లెట్రాటోన్, జిపాటోన్ అని అమ్మేవారు. వెనక జిగురు ఉండే పల్చటి ఫిల్మ్ అది. పేజీ పూర్తయ్యాక ప్రింటర్ పెద్ద కెమెరాతో ఫొటో తీసి నెగెటివ్ తయారుచేస్తాడు, ప్లేట్లు ఆ నెగెటివ్ నుంచి వస్తాయి. కంప్యూటర్ పద్ధతులు వచ్చేదాకా చాలాచోట్ల ఇదే లెక్క. కాబట్టి నెగెటివ్‌లు ప్రింటర్ దగ్గరే పడి ఉండేవి. ప్రింటర్ మూతపడ్డాడు, నెగెటివ్‌లు నాశనమయ్యాయి. ఇక పాత సంపుటాలు మళ్ళీ అచ్చు వేయడానికి ఆధారం లేకుండా పోయింది.

అసలు పేజీలను స్కాన్ చేస్తే సరిపోదా అనిపిస్తుంది. ఇబ్బందంతా అక్కడే ఉంది. ఇరవై ఏళ్ళు గడిచేసరికి టోన్ షీటు కుంచించుకుపోతుంది, అంచులు లేస్తాయి, జిగురు పసుపు రంగుకి తిరిగి కాగితంలోకి దిగుతుంది. కొన్ని ముక్కలు ఊడి రాలిపోతాయి. స్కాన్‌లో టోన్ చుక్కల వరుసకీ స్కానర్ పిక్సెల్ గడులకీ పొత్తు కుదరక అలల్లాంటి మచ్చలు పడతాయి, వాటినే మోయిరే అంటారు. స్కాన్ చేశాక ఒక్కసారి సైజు తగ్గించినా ఇదే గతి. అందుకే ఇలాంటి పేజీని 1200 డీపీఐకి (అంగుళానికి 1200 చుక్కలకి) తగ్గకుండా తీయాలి, అచ్చయ్యే కొలతకే సరిపెట్టాలి, జేపెగ్‌లో దాచకూడదు. తర్వాత ఊడిన టోన్‌ని అదే సాంద్రతతో చుక్క చుక్కా తిరిగి నింపాలి. వందల పేజీలు ఇలా బాగుచేయాల్సి వచ్చింది. కొత్త ముద్రణ కోసం ఆ పనిలో ప్రధానంగా కూర్చున్నది ఆలన్ హార్వే. 'ద గ్యాదరింగ్' కొత్త ముద్రణను తొంభైల నాటి కాపీ పక్కన పెట్టి చూస్తే తేడా మొదటి పేజీలోనే తెలుస్తుంది. నలుపు నిండుగా ఉంటుంది, సన్నని జుట్టు గీతలు తెగిపోవు, నీడ ముద్దకట్టదు.

ఇంత వివరం ఎందుకంటే, 39వ సంచిక గీయాలంటే ముందు 38 సంచికలు దొరుకుతూ ఉండాలి. పాతవి దొరకని కథలోకి కొత్త పాఠకుడు 39వ మెట్టు దగ్గర అడుగుపెట్టడు. కొత్త పాఠకుడు రాకపోతే అమ్మకం ఏటేటా కరుగుతూనే ఉంటుంది. ఎంత ప్రేమగా అడిగినా ఈ లెక్క మారదు.

డేవిడ్ లాఫమ్ 'స్ట్రే బులెట్స్' దీనికి సాక్ష్యం. 1995లో సొంత సంస్థ నుంచి మొదలై 2005లో 40వ సంచిక దగ్గర, కథ మంచి పట్టులో ఉండగా ఆగిపోయింది. 41వ సంచిక 2014లో ఇమేజ్ నుంచి వచ్చింది. అది ఒంటరిగా రాలేదు. మొత్తం 41 సంచికల లావుపాటి సంపుటం, కొత్త వరుస మొదటి సంచిక కూడా దాంతోపాటే దిగాయి. తొమ్మిదేళ్ళ తర్వాత ఒక్క ముగింపు సంచికను మాత్రమే దుకాణంలో పెట్టి ఉంటే కొనేవాళ్ళు పాత అభిమానులే. మొత్తం పుస్తకం పక్కనే ఉండటంతో ఎవరైనా కొనగలిగారు. అందుకే మొదటి మార్కు పాత సంపుటాల కొనుగోలుకి వేశాను.

ఇందులో తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. సెకండ్‌హ్యాండ్ కాపీ కొంటే గీసినవాళ్ళకి పైసా చేరదు. చదువుకోవడానికి అది మంచిదే, సాయం పద్దులో మాత్రం రాసుకోవద్దు. ఇమేజ్ లాంటి చోట పేజీకి ముందస్తు జీతం ఉండదు. సంస్థ తన స్థిరమైన రుసుము, అచ్చు ఖర్చు తీసుకున్నాక మిగిలింది సృష్టికర్తది. తక్కువ అమ్ముడయ్యే సంచికకు ఆ మిగిలేది సున్నా కూడా కావచ్చు. అప్పుడు ఇల్లు గడవడానికి మార్వెల్, డీసీల పని ఒప్పుకోవాలి. డోరన్ చేసిందీ అదే. అక్కడ పేజీకి ఇంత అని చేతికొస్తుంది, గడువు కత్తిలా వేలాడుతుంది, సొంత కథ వెనక్కి జరుగుతుంది.

అమెరికా కామిక్ దుకాణాల పద్ధతి కూడా ఇక్కడ తెలిసి ఉండాలి. సంచిక రావడానికి దాదాపు రెండు నెలల ముందే దుకాణదారు ఆర్డరు పెట్టాలి, మిగిలిన కాపీలు సాధారణంగా వాపసు ఇవ్వలేడు. అందుకని చిన్న కామిక్‌ని ఒకటో రెండో తెప్పిస్తాడు, లేదా అసలు తెప్పించడు. పంపిణీదారు డైమండ్ 2009లో కనీస ఆర్డరు విలువను 1,500 డాలర్ల నుంచి 2,500 డాలర్లకు పెంచినప్పుడు పెద్ద దెబ్బ తగిలింది నలుపు తెలుపు చిన్న కామిక్‌లకే. ఆ డైమండే 2025 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. విడుదల రోజున దుకాణానికెళ్ళి అడగడం వల్ల లాభం లేదు. ప్రకటన వచ్చిన వారంలోనే పేరు రాయించుకోవాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న తెలుగువాళ్ళకి ఇంకో దారి ఉంది. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో 'ఈ పుస్తకం తెప్పించండి' అని అడిగే ఫారం ఉంటుంది. ఐదు నిమిషాల పని. లైబ్రరీ కొన్నది పూర్తి ధర అమ్మకమే, పైగా ఆ కాపీ పదిమంది చేతుల్లోకి వెళ్తుంది. హూప్లా అనే డిజిటల్ అరువు సేవ ఉన్న లైబ్రరీలైతే ఒక్కొక్క అరువుకీ ప్రచురణకర్తకి డబ్బు కడతాయి.

ఇక చందా. దీనికి వాడే సైట్ ప్యాట్రియాన్ 2013లో మొదలైంది. నెలకింత అని కట్టడం వల్ల గీసేవాళ్ళు కొనుక్కునేది సమయం. లెక్క వేసి చూద్దాం. 200 మంది తలా 3 డాలర్లు కడితే 600. ప్లాట్‌ఫాం వాటా 10 శాతం, కార్డు ఖర్చులు ఇంకో 8 శాతం పోతాయనుకుంటే చేతికొచ్చేది 490 చిల్లర. పేజీకి 150 డాలర్లు గిట్టుబాటు అనుకుందాం. వివరంగా గీసే పేజీకి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి అది ఎక్కువేమీ కాదు. ఆ లెక్కన నెలకి మూడు పేజీలు, 24 పేజీల సంచికకి ఏడెనిమిది నెలలు. చందా కడుతున్నా ఏడాదికి ఒకటిన్నర సంచికే వస్తోందని చిరాకుపడేవాళ్ళు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకోవాలి.

ఒక డాలరు చందాలో కార్డు ఖర్చులకే పెద్ద భాగం పోతుంది, ఎందుకంటే ప్రతి చెల్లింపుకీ శాతంతోపాటు స్థిరమైన సెంట్లు కూడా కోస్తారు. ఒక్కరే నెలకి డాలరు కట్టేకన్నా ఏడాదికి ఒకేసారి కట్టడం మేలు, ఆ సౌకర్యం గీసేవాళ్ళు తెరిచి ఉంచితే. ప్యాట్రియాన్ ఐఫోన్ యాప్‌లో చేరకండి. 2024 నవంబరు నుంచి కొత్త సభ్యత్వాలు యాపిల్ చెల్లింపు గుండా వెళ్ళే ఏర్పాటు వచ్చింది, ఆ దారిలో వెళ్తే 30 శాతం దాకా యాపిల్‌ది. అదే సభ్యత్వం బ్రౌజర్‌లో తీసుకుంటే ఆ కోత ఉండదు.

భారత్ నుంచి కట్టేవాళ్ళకి అసలు చిక్కు వేరు. రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ నిబంధన 2021 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. నెలనెలా దానంతట అదే కట్ అయ్యే చెల్లింపుకి ముందుగా అనుమతి నమోదు కావాలి, డబ్బు తీసేముందు బ్యాంకు తెలియజేయాలి. విదేశీ సైట్లలో ఈ నమోదు కుదరకపోవచ్చు, అప్పుడు చెల్లింపు రెండో నెలలో తిరస్కారమవుతుంది. మొదటి నెల బాగా వెళ్ళిందని నమ్మి వదిలేస్తే సభ్యత్వం నిశ్శబ్దంగా రాలిపోతుంది. నెల మొదటి వారంలో చెల్లింపు చరిత్ర తెరిచి చూడటం అలవాటు చేసుకోవాలి, లేదంటే ఏడాది చందాయే సుఖం. కొత్త కార్డులో అంతర్జాతీయ వాడకం మూసేసి ఉంటుంది, బ్యాంకు యాప్‌లో మనమే తెరవాలి. విదేశీ మారకం మీద బ్యాంకు రుసుము, దాని మీద జీఎస్టీ కూడా కలుస్తాయి. పుస్తకం తెప్పిస్తే, 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద వేసిన 5 శాతం సుంకం కన్నా కొరియర్ సంస్థ వేసే క్లియరెన్స్ రుసుమే బరువుగా ఉంటుంది. నలుగురు కలిసి ఒకే పెట్టెలో తెప్పించుకోవాలి.

కిక్‌స్టార్టర్ గురించి ఒకటే ప్రశ్న: ఎన్ని పేజీలకు ఇంకింగ్, అంటే సిరాతో గీయడం, అయిపోయింది? తొంభై శాతం గీసి ఉంటే మన డబ్బు అచ్చుకి వెళ్తుంది, పుస్తకం చాలావరకు వస్తుంది. ఇరవై శాతమే గీసి ఉంటే మన డబ్బు జీతం కింద ఖర్చవుతుంది, ఆ జీతం పుస్తకం పూర్తయ్యేలోగా అయిపోతుంది. లక్ష్యం చేరకపోతే ఎవరి డబ్బూ కట్ అవదు, అది మంచి విషయం. చేరాక సైట్ 5 శాతం, చెల్లింపు ఖర్చులు ఇంకో మూడు చిల్లర తీసుకుంటుంది. అంతకన్నా గండి కొట్టేవి రెండున్నాయి. ఒకటి తపాలా ఖర్చు తక్కువ అంచనా వేయడం. రెండోది 'ఇంకో పదివేలు వస్తే స్టిక్కర్లు, పోస్టర్లు' అని మొక్కులు పెంచుకుంటూ పోవడం. ఒక్కో పోస్టరుకీ గీసే రోజు ఒకటి పోతుంది, ఆ రోజు కథలోంచే పోతుంది. అదనపు బహుమతులు లేని స్థాయిని ఎంచుకోవడమే గీసేవాళ్ళకి చేసే మేలు. భారత్‌లో ఉండి గీసేవాళ్ళు కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టలేరు, అనుమతి ఉన్న దేశాల జాబితాలో మనది లేదు. కాబట్టి తెలుగులో సొంతంగా కామిక్ వేసేవాళ్ళకి నేరుగా ముందస్తు డబ్బు కట్టడమే దారి.

ఉత్తరం రాయాలా అంటే, తప్పకుండా రాయాలి. ఎలా అన్నదే తేల్చుకోవాలి. ఏ పేజీ, ఏ ముఖం, ఏ మాట మనసులో నిలిచిందో పేరు పెట్టి రాయాలి. నాలుగు వాక్యాలు చాలు. గడువు అడగొద్దు, జవాబు ఆశించొద్దు. ఆపై ఏం జరగాలో మన ఊహలు అసలు రాయొద్దు. రేపు కథ అలాగే మలుపు తిరిగితే 'నా ఆలోచన కొట్టేశారు' అన్న గొడవకి దారి ఇచ్చినట్టే, అందుకే చాలామంది రచయితలు అలాంటి ఉత్తరాలు చదవకుండా పక్కనపెడతారు. మీ దగ్గర అసలు పేజీ ఉంటే ఆ ఉత్తరానికి వెలకట్టలేం. గీసేవాళ్ళు రోజులు గడవడానికి అసలు పేజీలు అమ్ముకుంటారు, పునర్ముద్రణ వేళకి అవి ఎక్కడున్నాయో తెలియదు. 'ఈ పేజీ నా దగ్గరుంది, స్కాన్ పంపగలను' అని రాయండి. పేజీ స్కానర్‌లో పట్టకపోతే రెండు ముక్కలుగా, కనీసం మూడు అంగుళాలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా తీయండి. టోన్ మీద మూతను గట్టిగా నొక్కొద్దు, లేచిన అంచు విరుగుతుంది. షార్పెన్, కాంట్రాస్ట్ ఏదీ ముట్టుకోకుండా టిఫ్ (TIFF) ఫైలుగా పంపండి.

ఓపికకి కొలత కావాలంటే జేసన్ లూట్స్ 'బెర్లిన్' చూడాలి. 1996లో మొదలై 2018లో ముగిసింది, మొత్తం 22 సంచికలు. సంపుటాలు 2000, 2008, 2018లో వచ్చాయి. మధ్యలో ఆయన వెర్మాంట్‌లోని సెంటర్ ఫర్ కార్టూన్ స్టడీస్‌లో పాఠాలు చెబుతూ గడిపారు. మొదటి సంపుటం ఆ పద్దెనిమిదేళ్ళూ పుస్తకాల షాపుల్లో దొరుకుతూనే ఉంది. మూడో సంపుటం వచ్చేసరికి 2000లో ఇంకా బడికి కూడా వెళ్ళనివాళ్ళు దాన్ని కొన్నారు.

'ఎ డిస్టెంట్ సాయిల్' 42వ సంచిక దగ్గర మళ్ళీ నిలిచింది. ఇప్పుడు చేరాలనుకునేవాళ్ళకి వరుస ఇది: 'ద గ్యాదరింగ్', 'ది అసెండెంట్', 'ది ఆరియా', 'కోడా'. కొనేముందు వివరాల పేజీలో ముద్రణ సంవత్సరం చూడండి, కొత్త ముద్రణ అయితే 2013 లేదా ఆ తర్వాతిదై ఉంటుంది. అంతకు ముందుదైతే అది పాత నెగెటివ్‌ల కాపీ. మొదటిది చదివి నచ్చితే మిగతా మూడూ ఒకేసారి ఆర్డరు పెట్టండి, తపాలా కలిసొస్తుంది.