అమ్మకి షాక్ ట్రీట్‌మెంట్: గుంటూరులో ఒక ఆసుపత్రికి ఐదుకి నాలుగు స్టార్లు

ఆసుపత్రి పేరు రాయొద్దని అమ్మ ఒట్టు పెట్టించుకుంది కాబట్టి రాయడం లేదు. అక్కడ తనకి ఎనిమిదిసార్లు ఈసీటీ ఇచ్చారు. తలకి కరెంటు పెట్టి ఫిట్స్ తెప్పించే వైద్యం అది, జనం దాన్నే కరెంటు షాక్ అంటారు.

నాన్న పోయిన నాలుగో నెలలో అమ్మ మాట మానేసింది, ఆ తర్వాత తిండి కూడా. స్పూనుతో పెడితే ముద్ద బుగ్గనే ఉండిపోయేది. ఆరు వారాలు మాత్రలు వాడినా మార్పు లేదు. డాక్టరమ్మ ఈసీటీ మాట ఎత్తగానే, అప్పటిదాకా గోడకేసి చూస్తున్న మనిషి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎందుకో నాకు తెలుసు. 1974లో అమ్మకి 14 ఏళ్ళు. మా చిన్నమ్మమ్మకి దయ్యం పట్టిందని ఊళ్ళో కర్పూరం వెలిగించి దిష్టి తీశారు, వేపమండలతో కొట్టారు. చివరికి పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తే, మత్తు ఇవ్వకుండానే నలుగురు మగవాళ్ళు కాళ్ళూ చేతులూ అదిమిపట్టి షాక్ పెట్టించారట. అమ్మ కిటికీలోంచి చూసింది.

డాక్టరమ్మ ఈ కథంతా ఓపిగ్గా విన్నారు. "మీ పిన్నికి చేసినట్టు ఇప్పుడు చేయడానికి చట్టం ఒప్పుకోదమ్మా" అని నాతో కాకుండా అమ్మతోనే చెప్పారు. మత్తూ, కండరాలు సడలించే మందూ లేకుండా ఈసీటీ ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఉంది. రెండు రోజులు ఆగి మళ్ళీ అడిగారు. అమ్మ తల ఊపింది. నా లెక్కలో రెండు స్టార్లు అక్కడికే అయిపోయాయి.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్లో చదివాను. 1934లో బుడాపెస్ట్‌లో మెడూనా అనే డాక్టరు, ఫిట్స్ వస్తే జబ్బు తగ్గుతుందన్న నమ్మకంతో రోగులకి కర్పూరం ఇంజెక్షన్ చేశాడట. నాలుగేళ్ళకి రోమ్‌లో చెర్లెట్టి, బీనీ అదే పనికి కరెంటు వాడారు. మావాళ్ళు వెలిగించిందీ కర్పూరమే, ఆయన ఎక్కించిందీ కర్పూరమే! అర్ధరాత్రి ఆసుపత్రి బెంచీ మీద నవ్వొచ్చింది. మత్తు లేని రోజుల్లో ఆ ఫిట్స్ విసురుకి వెన్నుపూసలు విరిగేవని చదివాక ఆ నవ్వు పోయింది.

సోమ, బుధ, శుక్రవారాల్లో పొద్దున్నే సిట్టింగ్. ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినకూడదు. కట్టుడు పళ్ళు తీసేయాలి. తలకి నూనె రాయకూడదు. నూనె లేకుండా గడప దాటని మనిషి మా అమ్మ! రెండోసారి నన్ను తలుపు అద్దంలోంచి చూడనిచ్చారు. చేతికి మత్తు ఇంజెక్షన్, నోట్లో పళ్ళకి అడ్డుగా రబ్బరు ముక్క. చీలమండ పైన బీపీ పట్టీ లాంటిది బిగించారు, కండరాల మందు ఆ పాదంలోకి వెళ్ళకుండా. ఒళ్ళంతా నిద్రపోతున్నట్టే ఉంది, ఆ ఒక్క పాదం మాత్రం వణికింది. ఫిట్స్ ఎంతసేపు వచ్చిందో ఆ వణుకుని బట్టే తెలుస్తుందట, నర్సు గడియారం చూసి 38 సెకన్లని రాసుకుంది. ముప్పావుగంటలో అమ్మ లేచి కూర్చుంది.

ఆ మధ్య జరిగినవి కొన్ని మర్చిపోయింది. మేనమామ కొడుకు గృహప్రవేశానికి వెళ్ళిన సంగతే గుర్తులేదు. ఇలా అవుతుందని ముందే చెప్పారు కాబట్టి దానికి మార్కులు తగ్గించను.

స్టార్ కోసింది బిల్లింగ్ కౌంటర్‌కి. "మెంటల్ కేసులకి క్లెయిమ్ రాదు సార్" అన్నాడు అక్కడి అబ్బాయి, నలుగురికీ వినపడేలా. ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మనసు జబ్బులకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలని అదే 2017 చట్టం చెబుతోంది. ప్రింటు తీసి ముందు పెడితే, 11 రోజులు తిప్పించుకుని ఫైలు పంపారు. బయట బోర్డు చూసినా అంతే. 'నరాల ఆసుపత్రి' అని మూరెడు అక్షరాలు, మానసిక వైద్యం మాత్రం అడుగున ఫోన్ నంబరు పక్కన. సరే, మేమూ వీధిలో అందరికీ బీపీ అనే చెప్పాం. దానికి వాళ్ళని ఏమంటాం?

అయిదో సిట్టింగ్ అయ్యాక ఆటోలో అమ్మ జుట్టు తడుముకుని, "తల ఇలా గడ్డిలా ఉందేంట్రా, ఇంట్లో నూనె అయిపోయిందా?" అంది. అన్నాళ్ళకి అంత పొడుగు మాట అదే మొదటిది. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు, నేను ఏడుస్తున్నానని.

క్యాంటీన్లో ఇడ్లీ బావుంటుంది. చట్నీ మాత్రం ఉత్త నీళ్ళని రాయమంది అమ్మ.