అద్దె వీల్‌చైర్‌కు మూడు స్టార్లు
కోఠిలో వీల్‌చైర్లు అమ్మే, అద్దెకిచ్చే షాపు ఇది. ముందేమో మూడు మెట్లు! నేను ఆటోలోనే కూర్చుంటే మా బామ్మర్ది లోపలికెళ్లి తెచ్చాడు. కుర్చీ గట్టిదే కానీ ఎడమ బ్రేకు జారుతోంది. ఫోన్ చేస్తే మూడో రోజుకు మనిషి వచ్చాడు.

ముప్పై తొమ్మిదో ఏట బైక్ ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. పింఛను 4016 రూపాయలు, ఫిజియోథెరపీకే చాలదు. ఒకటో తారీఖు దగ్గరపడితే నిద్ర పట్టదు. ఆస్పత్రిలో నా పక్క మంచం ఆయనది బంజారాహిల్స్. బ్యాటరీ కుర్చీ, డ్రైవరు, రెండో నెలకే ఆఫీసు. ఆయనకూ దిగులుంది, అద్దె టెన్షన్ మాత్రం లేదు. ఆస్తి ఉన్నవాళ్లకు వైకల్యం వచ్చాక మనసు తక్కువ కుంగుతుందని అమెరికాలో 2005లోనే ఒక అధ్యయనం తేల్చింది. నాకు పక్క మంచమే చెప్పింది.

పోయిన నెల కుర్చీ అద్దె వారం ఆలస్యమైనా షాపు ఓనరు ఒక్క మాట అనలేదు. మూడో స్టారు అందుకే.